పాటకొఱకే పాట: టౌన్స్ వాన్ జాంట్ తొలి రికార్డును గూర్చి

పుఱ్ఱె కొక బుద్ధి, జిహ్వ కొక రుచి యని మనవారు చెప్పుట వాడుక. ఈ సామెతను మనము వాదమును ముగించుటకు వాడుచున్నాము గాని, విచారణ నారంభించుటకు వాడుట లేదు. ఇద్దఱు శ్రోతలు ఒకే పాటను విని, ఒకరు కన్నీరు పెట్టుకొనగా నొకరు పెదవి విఱిచినచో, ఎవరి రుచి వారిదని లేచిపోవుట మర్యాద కావచ్చును. విమర్శ మాత్రము కాదు. ఆ భేదమునకు కారణము పాటలో నున్నదా, పాడినవానిలో నున్నదా, పాటకు తొడిగిన వేషములో నున్నదా, లేక వినువాని మనస్సులోనే యున్నదా యని తఱచి చూచినప్పుడే రుచి వివేకముగా మాఱును. ఇట్టి విచారణకు మిక్కిలి తగిన నిదర్శన మొకటి అమెరికా దేశపు పల్లెపాటల చరిత్రలో కలదు. అది టౌన్స్ వాన్ జాంట్ అను గాయకుని మొదటి ఆల్బము.

ఈయన 1944వ సంవత్సరము మార్చి 7వ తేదీని టెక్సాసు రాష్ట్రములోని ఫోర్టువర్తు నగరమున జన్మించెను. వంశము ప్రతిష్ఠ గలది. ఆ రాష్ట్రములో నొక జిల్లాకు వీరి యింటిపేరే పెట్టబడినది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడుట టెలివిజనులో చూచి యీ బాలుడు గిటారుపై మనసు పడెను. తండ్రి కొని యిచ్చెను. కుమారుడు పెద్ద చదువులు చదివి పెద్ద యుద్యోగములు చేయవలెనని యింటివారి కోరిక. కుమారుని బుద్ధి మఱియొక దారి పట్టినది. 1964లో గాల్వెస్టన్‌లోని వైద్యశాలలో మనోవ్యాధి చికిత్సయని యిన్సులిను మందుతో మాటిమాటికి స్పృహ తప్పించిరి. ఆ చికిత్సవలన ఆయన బాల్యస్మృతులలో పెక్కు చెఱిగిపోయెనని చెప్పుదురు. ఆ మందు నేడు మనోవ్యాధుల కెవరును వాడుట లేదు. తరువాత హ్యూస్టన్ నగరమున చిన్న కాఫీశాలలలో, గిటారు తప్ప వేఱు తోడు లేక పాడుచు, లైట్నిన్ హాప్కిన్స్ వంటి నల్లజాతి గాయకుల బాణీలను గురువులుగా భావించి, తానే పాటలు కట్టుట నేర్చెను.

మికీ న్యూబరీ యను కవిగాయకుడు ఈతని ప్రతిభ గుర్తించి నాష్‌విల్ పెద్దల కెఱుక పఱచెను. 1968లో పాపీ యను క్రొత్త సంస్థ యీతని మొదటి ఆల్బమును వెలువరించెను. దాని పేరు "ఫర్ ది సేక్ ఆఫ్ ది సాంగ్", అనగా పాటకొఱకని యర్థము. దానిని తీర్చిదిద్దినవారు జాక్ క్లెమెంట్, జిమ్ మల్లాయ్ అనువారు. క్లెమెంట్ సామాన్యుడు కాడు. సన్ రికార్డుల సంస్థలో జానీ క్యాష్, జెర్రీ లీ లూయిస్ మొదలగువారి పాటలను లోకమునకు వినిపించిన చేయి ఆయనది. ఒంటి గిటారుతో పాడు టెక్సాసు పిల్లవాని పాటలకు ఆయన పెక్కు వాద్యములను, వెనుక కూడబలికి పాడు కంఠములను, గుహలో పలికినట్లుండు ప్రతిధ్వనిని జతపఱచెను.

అక్కడనుండి తగవు మొదలైనది. ఆ తగవులో మొదటి వాది గాయకుడే యనవచ్చును. ఏలయన, మరుసటి సంవత్సరమే, అనగా 1969లో, వెలువడిన రెండవ మూడవ ఆల్బములలో నీ తొలి ఆల్బములోని పాటలు కొన్నిటిని ఆయన మఱల పాడెను. "టెకంసే వ్యాలీ" రెండవదానిలో చేరినది. ఆల్బము పేరు మోసిన పాటయు, "వెయిటిన్ అరౌండ్ టు డై" యను పాటయు, మఱి రెండును, ఆయన పేరనే వెలసిన మూడవదానిలో చేరినవి. అచ్చైన పుస్తకమును గ్రంథకర్త యేడాది తిరుగకముందే దిద్ది మఱల నచ్చు వేయించినచో, మొదటి కూర్పు నెట్లు చదువవలెను? తప్పుల పట్టికగానా, లేక దానికిని స్వతంత్రమైన విలువ కలదా? ఇదియే ప్రశ్న.

ఈ ప్రశ్నను మా యింటనే పరీక్షింప దలచి, యొక యాదివారపు సాయంకాలమున నలుగురు ఆప్తులను కూర్చుండబెట్టి, పాటల సారమును ముందుగా తెలుగున చెప్పి, తొలి ఆల్బమును, తరువాతి పాఠములను వరుసగా వినిపించితిమి. నలుగురును నాలుగు విధములుగా చెప్పిరి. ఆ దేశమునందు శ్రోతలు దీనిని గూర్చి చెప్పు మాటలను మేము చదివియున్నందున, మా యింటి నలుగురును తెలియకయే వారి నాలుగు పక్షములకు ప్రతినిధులైరని యాశ్చర్యపడితిమి.

వీణ నేర్చిన మా వదినెగారు మొదట తీర్పు చెప్పిరి. "పక్కవాద్యము పాట వెనుక నడువవలెను గాని, పాట నెత్తి కెక్కరాదు. ఈ పిల్లవాడు చెప్పుకొనుచున్నది గదిలో నొకరి కొకరు చెప్పుకొను మాట. దానిని దేవాలయ మండపములో నిలుచుండి కేకవేసినట్లు చేసిరి" అని యామె యనిరి. ఆ దేశమున నధికసంఖ్యాకుల మతము నిదియే. ఈ మతమునకు బలమైన సాక్ష్యము కలదు. 1973లో హ్యూస్టనులోని ఓల్డ్ క్వార్టర్ అను చిన్న శాలలో ఆయన యొంటరిగా పాడిన పాటలు 1977లో రెండు రికార్డులుగా వెలువడినవి. వానియందు గిటారు, కంఠము తప్ప మఱేమియు లేదు. ఆ పాటలు విన్నవారికి తొలి ఆల్బము, పెండ్లికూతురును నగలలో ముంచి ముఖము కనబడకుండ చేసినట్లు తోచుట సహజము.

మా తమ్ముడు దీని నంగీకరింపలేదు. అతడు చలనచిత్ర సంగీత మందు ప్రీతి గలవాడు. "అక్కయ్యా, అలంకారమే దోషమైనచో రెండవ ఆల్బములోని 'క్యాథ్లీన్' పాటకు తంత్రీవాద్యముల గుంపు నేల మెచ్చుకొంటివి? 1968లో పాటలు విన్న జనము చెవి యెట్టిదో నీవు తలపవు. ఎవరును పేరు విననివానిని రేడియోలో నిలువబెట్టవలె నన్నచో పైబట్ట కొంత మేలైనది కట్టవలయును గదా" యనెను. ఈ వాదము త్రోసివేయదగినది కాదు. ఆ కాలపు వేషమును కాలపు వేషముగా చూచి ఆనందించువారు నేటికిని కలరు. వారికి ఆ ప్రతిధ్వనియే యొక స్వప్నలోకపు వాకిలి. మొదట ఈ పాఠమునే విని ప్రేమించినవారికి తరువాతి బోడి పాఠమే కొఱతగా తోచుచుండును. తొలిసారి విన్నదియే చెవికి సొంత యిల్లగుట యందఱికి ననుభవమే.

మూడవవారు, తెలుగు చెప్పు ఉపాధ్యాయులు, వాద్యముల జోలికే పోలేదు. వారు పాటల మాటలను పట్టుకొనిరి. "దోషము నిర్మాతది కాదు, కవిదే. ఈ వయసు కవు లందఱివలె నీతడును పాత కథాగేయములనుండి రాణులను, పరిచారకులను, వెలుగునీడలను అరువు తెచ్చుకొనినాడు. తన కన్నులతో చూచినది కొన్నిపాటలలోనే యున్నది" అని వారు చెప్పిరి. ఇదియు కొంత నిజమే. "ఆల్ యువర్ యంగ్ సర్వెంట్స్", "ది వెల్వెట్ వాయిసెస్" వంటి పాటలలో భాష పండుగనాటి పట్టుబట్టవలె ముడుతలు పడక బిగిసియున్నది. వాని నడుమ "టాకిన్ కరాటే బ్లూస్" అను హాస్యపు పాట యొకటి తటాలున వచ్చి, విషాదములో కూర్చున్నవారిని చక్కిలిగింత పెట్టినట్లు చేయును. ఒకే యాల్బములో నిన్ని వేషములు వేసిన వానికి తన వేష మేదియో యింకను తెలియలేదని యుపాధ్యాయులవారి తాత్పర్యము.

నాలుగవ శ్రోత మా పొరుగింటి యువకుడు. అతనికి ఈ గాయకుని జీవితకథ తెలియును. మద్యము, మత్తుమందులు ఆయనను తినివేసిన సంగతియు, 1997వ సంవత్సరము జనవరి 1వ తేదీని ఏబదిరెండవ యేటనే ఆయన మరణించిన సంగతియు నెఱిగినవాడు. అందుచేత నా యువకుడు ప్రతి పాటయందును రాబోవు మరణపు టడుగుల చప్పుడు వినెను. "ఇట్టి బాధ పడనివాడు ఇట్టి పాట కట్టలేడు" అని భక్తితో పలికెను.

నాలుగు మాటలును వింటిమి. ఇక మా యభిప్రాయము చెప్పవలసియున్నది.

మొదట నాలుగవ మాటను గూర్చియే చెప్పెదము. ఏలయన అది యెల్లవానికంటె నపాయకరము. "వెయిటిన్ అరౌండ్ టు డై" ఆయన గంభీరముగా కట్టిన మొదటి పాటయని ప్రసిద్ధి. కట్టునాటికి ఆయనకు ఇరువదియొకటి రెండేండ్లు, క్రొత్తగా పెండ్లియైనవాడు. ఆ పాటలో మాటలాడువాడు, తల్లిని కొట్టిన తండ్రిని, విడిచిపోయిన తల్లిని, మోసగించిన స్త్రీని, చెఱసాలను దాటి, తుదకు మందుసీసాను స్నేహితునిగా చేసికొన్నవాడు. ఇది గాయకుని స్వీయచరిత్ర కాదు. కలవారి బిడ్డ, సుఖముగా పెరిగినవాడు, దిక్కులేనివాని యెదలో ప్రవేశించి కట్టిన పాట. దీని గొప్పతన మంతయు నందే యున్నది: తానుగాని వానిని తానుగా భావింపగలిగిన దయలో నున్నది. దీనిని కవి పతనమునకు జాతకముగా చదువుట వలన రెండు నష్టములు. పాటలోని దయ మఱుగుపడును. త్రాగుడు కవిత్వమునకు తల్లియను మూఢవిశ్వాసము బలపడును. ఆయన త్రాగుడు ఆయన పాటలను పెంచలేదు. ఏండ్లు గడచినకొలది క్రొత్త పాటలు తగ్గినవి, గొంతు చెడినది. మన యిండ్లలోను కళావంతుడైన బిడ్డ చెడుదారి పట్టినచో "కళాకారు లట్లే యుందురు" అని సమాధానపడు పెద్దలు కలరు. వారికి మా మనవి యేమన, బాధ పాటకు ముడిసరుకు కావచ్చును. పాటను చేయునది మాత్రము మేలుకొన్న బుద్ధి.

ఈ పాట శక్తి యెంతటిదో చూపు దృశ్య మొకటి చలనచిత్రమున నిలిచియున్నది. "హార్ట్‌వర్న్ హైవేస్" అను చిత్రము కొఱకు ఆస్టిన్ నగరమున ఆయన నివాసములోని వంటగదిలో నీ పాట పాడుచుండగా పొరుగువాడగు నల్లజాతి వృద్ధుడొకడు, కమ్మరిపని చేసి జీవించినవాడు, వెనుక కూర్చుండి విని కన్నీరు కార్చెను. అక్కడ వాద్యబృందము లేదు, ప్రతిధ్వని లేదు. 1968 నాటి పాఠములో నీ పాటకే నాటకరంగపు మెఱుపులు, ఉఱుములు చేర్చినట్లున్నది. పాట భయపెట్టుచున్నది, ఏడిపించుట లేదు. ఈ పాట వఱకు మా వదినెగారి తీర్పే న్యాయమని మాకు తోచుచున్నది.

ఆ తీర్పు నన్ని పాటలకు సాగదీయుట మాత్రము తగదు. ఆల్బము పేరు మోసిన పాటను చూడుడు. అందొక స్త్రీ తన దుఃఖమును పాటగా పాడుచుండును. వినుచున్న పురుషుడు, ఆమె తన్ను నిందించుటకు పాడుచున్నదా, ఓదార్పు కోరుచున్నదా, లేక పాటకొఱకే పాడుచున్నదా యని తికమకపడును. తాను చేయగలిగిన దేమో తెలియక చేతులు ముడుచుకొని నిలుచును. పరాయి దుఃఖము ముందు మనిషి నిస్సహాయత యిందు విషయము. తొలి పాఠములోని వాద్యముల నిండుదనము ఆ తికమక కంతగా నడ్డురాలేదు. గాలిలో తేలివచ్చు నింకొకరి పాటను దూరమునుండి వినుచున్న భావము నా ప్రతిధ్వని కొంతవఱకు కలిగించుచున్నది గూడ. ఇచ్చట మా తమ్మునికి సగము మార్కులు. 1969 పాఠము మఱింత సన్నిహితమైనది. అయినను మొదటిది తప్పనుటకు వీలులేదు.

ఇక "టెకంసే వ్యాలీ". మా యభిప్రాయమున నీ తగవున కంతటికి నడిబొడ్డు ఈ పాటయే. గని కూలివాని కూతురు క్యారొలైన్ పని వెదకుకొనుచు పరాయి లోయకు వచ్చును. ఒక మద్యశాలలో పని దొఱకును. తిరిగి తండ్రియొద్దకు పోవుటకై పైస పైస కూడబెట్టుచుండగా తండ్రి మరణవార్త వచ్చును. ఆశ తెగినది. ఆమె వీథిన పడి శరీరము నమ్ముకొనును. తుద కొకనాడు మెట్లక్రింద శవమై కనబడును. కథ యింతే. తీర్పు లేదు, శాపము లేదు, నీతిబోధ లేదు. చివరి యూరడింపు గూడ లేదు.

ఈ కథలో నామె పతనమును చెప్పు మాట యొకటి కలదు. అది కటువైన మాట. పెద్దమనుష్యుల సభలో పలుకని మాట. 1969 పాఠములో నది యున్నది. 1968 నాటి తొలి ఆల్బములో లేదు. దానిస్థానమున నామె ద్వేషముతో దారిబట్టి నడచిపోయినట్లు మాత్రమే చెప్పబడినది. ఎవరి జంకుచేత నా మార్పు జరిగినను, ఫలిత మొక్కటే. తొలి పాఠము వినువాని కామె యెట్లు చనిపోయెనో స్పష్టముగా తెలియదు. ఒక యనాథ బాలిక యేదో దుఃఖమున కృశించి చనిపోయినదని జాలిపడి ఊరకుండును. రెండవ పాఠము వినువాడు అట్లూరకుండలేడు. ఆమె శరీరమును కొన్నవా రుండిరి గదా! ఆ కొన్నవారు ఆ లోయలోనివారే గదా! చనిపోయిన పిమ్మట జాలిపడినవారును వారే కావచ్చును గదా! ఒక్క మాట చేర్చుటవలన నూరంతయు న్యాయస్థానము ముందుకు వచ్చినది.

కావున శ్రోతలు వాద్యములను గూర్చి యింతగా పోరాడుట మాకు వింతగా నున్నది. వాద్యములు చెవిని కప్పినవి. మాట మార్పు కన్నును కప్పినది. మొదటి దోషమును ఓర్చుకొనవచ్చును, రెండవ దానిని ఓర్చుకొనరాదు. మా నలుగురు శ్రోతలలో నెవరును ఆ మార్పును తామై గుర్తింపలేదు. ఎత్తిచూపినప్పుడు మా వదినెగారు కొంతసేపు మాటలాడక, "మొదటిదానిలో నామె మన యింటి పిల్ల కాదు. రెండవదానిలో నయినది" అని యనిరి. విమర్శ గ్రంథములు చదివినవా రింతకంటె చక్కగా చెప్పగలరని మేము నమ్మము. మన సంసారములలోను ఇట్టి మాటలను "పాపము, చెడిపోయినది" అని మెత్తగా పలికి, చెడగొట్టినవాని నడుగక, గుమ్మము మూసికొనుట వాడుకయే. మృదువైన మాట దయవలె కనబడును. అది తఱచుగా దయకాదు, దాపఱికము.

ఉపాధ్యాయులవారి యాక్షేపణ మిగిలినది. పెద్ద పాటల నడుమ నరువుమాటల పాటలు గలవనుట నిజము. అయినను, ఇరువదినాలుగేండ్లవాని తొలి ఆల్బమునందు "టెకంసే వ్యాలీ" వంటి దొకటి యుండుటయే యాశ్చర్యము. మిగిలినవి సామాన్యములగుట యాశ్చర్యము కాదు. మొదటి కాపున పుల్లని మామిడులు నాలుగున్న మాత్రమున చెట్టును నఱుకుదుమా? ఆ పాటను తరువాత నాన్సీ గ్రిఫిత్ అను గాయని 1993లో వెలువడిన తన ఆల్బములో ఆర్లో గత్రీతో కలసి పాడెను. ఇరువదియైదేండ్లకు ఒక స్త్రీ కంఠమున మఱల పలికి నిలిచిన పాట కేపాటి యాయుస్సు కలదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ కథకు చివర మఱియొక ముడి కలదు. గాయకుడు మరణించిన తరువాత, 1999లో, ఆయన వదలిపోయిన గిటారు పాటలకు ఇతరులు క్రొత్తగా వాద్యములు చేర్చి "ఎ ఫార్ క్రై ఫ్రమ్ డెడ్" అను పేర నొక ఆల్బమును వెలువరించిరి. 1968లో బ్రదికియున్నాడు గనుక మరుసటేడు మఱల పాడి సమాధానము చెప్పగలిగెను. 1999లో సమాధానము చెప్పువాడు లేడు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు తొలి ఆల్బముపై మాకు కోపము తగ్గినది. అది యొక యువకునికిని, వానిని పైకి తేదలచిన పెద్దలకును నడుమ జరిగిన బేరము. అందు కొంత నష్టపోయెను, నష్టపోయినది తెలిసికొనెను, మఱల పాడి సంపాదించుకొనెను.

అందుచేత మా చదువరులకు మా సలహా యిది. ఈ పాటలు వినగోరువారు 1969 నాటి పాఠములనుండి మొదలుపెట్టుడు. తరువాత తొలి ఆల్బమునకు పొండు. పొరపాటును వెక్కిరించుటకు కాదు, దిద్దుబాటు విలువ తెలియుటకు పోవలెను. వినిన పిమ్మట ఇంటివా రందఱును కూర్చుండి తగవులాడుడు. వాద్యములను గూర్చి యెవరి రుచి వారిదే కావచ్చును. ఆ యొక్క మాటను గూర్చి మాత్రము, అది యుండవలెనా యుండరాదా యని, మీ యింటి యాడువారిని ముందుగా చెప్పనిచ్చి, పురుషులు తరువాత చెప్పుడు.